ఎండ చూపిన రేకులు

రోజు 15,204

గిడ్డంగి విభాగంలో రెండు పుస్తకాలున్నాయి. ఒకటి రిజిస్టరు. దాన్ని చదవకుండా నేను సంతకం పెడతాను. రెండోది ఈ దినచర్య. దీన్ని నేను రాస్తాను, ఎవరూ చదవరు. "రాయమ్మా ఇందీవరా, రాస్తే అలవాటవుతుంది" అన్నారు ఎర్రమెట్ట పరిపాలక మండలి అధ్యక్షురాలు దమయంతి గారు. ఏది అలవాటవుతుందో చెప్పలేదు.

కనుక అత్యంత గంభీరంగా నమోదు చేస్తున్నాను. ఈ ఉదయం క్యాంటీన్ వేడినీళ్ళ గొట్టం చీలింది. అతుకుల మేస్త్రీ జకీర్ అన్న వచ్చి రెండు అతుకురేకులు కావాలన్నాడు. పాత రేకులు పోయిన నెలలోనే అయిపోయాయి. పదకొండు నెలల కిందట ఓడలో దిగిన కొత్త పెట్టెలోంచి ఇవ్వాలి. గిడ్డంగి పెద్ద సత్యవ్రతం బాబాయ్ రెండు రేకులు తీసి, నూలుగుడ్డలో చుట్టి, పురిటిబిడ్డను అందించినట్టు రెండు చేతులా అందించాడు. నేను సంతకం పెట్టాను. ఇంతవరకూ అంతా సలక్షణం.

అరగంటకి జకీర్ అన్న తిరిగొచ్చాడు. రేకులు చేతిలోనే ఉన్నాయి.

"పలకలేదు పాపా," అన్నాడు.

"అంటే?"

"అంటే ఏముంది? నిప్పురవ్వ పెట్టినా. మళ్ళా పెట్టినా. మూడోతూరి గూడా పెట్టినా. గోడకు కత చెప్పినట్టుంది."

దినచర్యలు భావితరాలకు అర్థమయ్యేలా ఉండాలని నియమం. భావితరాల వారికి నమస్కారం. మన ఊరి గోడలు ప్లాస్టిక్‌వి, సెగ తగిలితే ముద్దైపోతాయి. అందుకని ఇక్కడ వెల్డింగు మంట నిషేధం. పగిలిన లోహాన్ని అతకాలంటే ఈ రేకే గతి. చూడ్డానికి చాక్లెట్ మీది వెండికాగితంలా ఉంటుంది. లోపల నికెలు ఒక పొర, అల్యూమినియం ఒక పొర, మళ్ళీ నికెలు, ఇలా రెండు వేల పైచిలుకు. వెంట్రుకను నిలువునా రెండు వేల చీలికలు చేస్తే ఒక్కో చీలిక ఎంతుంటుందో ఒక్కో పొర అంత. ఈ రెండు లోహాలకీ ఒకటంటే ఒకటికి ప్రాణం. ఎవరో ఒకరు పూనుకోవడమే ఆలస్యం. ఒక మూల చిన్న నిప్పురవ్వ తగిలిస్తే అక్కడ రెండూ కలుస్తాయి, కలిసినందుకు వేడి పుడుతుంది, ఆ వేడికి పక్కవి కలుస్తాయి. రెప్ప వేసేలోపు మంట ఈ చివరనుంచి ఆ చివరికి పరిగెడుతుంది. దానికి గాలి కూడా అక్కర్లేదు. రేకుకి రెండువైపులా ఉన్న టంకం కరిగి అతుకు పడుతుంది. పక్కనున్న గోడకు సంగతే తెలియదు.

ఈ రోజు సంగతి రేకుకే తెలియలేదు.

"మేస్త్రీ చెయ్యి వణికుంటుందమ్మాయ్," అన్నాడు సత్యవ్రతం బాబాయ్, జకీర్ అన్నకి వినబడేలాగా. "నా రేకులకేం. మూడు పువ్వులూ ఆరు కాయలుగా ఉన్నాయి."

క్యాంటీన్‌లో గొట్టానికి గుడ్డ చుట్టారు. మధ్యాహ్నం టీ గుడ్డ రుచి వచ్చింది. ఎవరూ తేడా గమనించలేదు.

రోజు 15,207

ఇప్పుడు తేడా అందరూ గమనించారు.

ఏడో సందుకి గాలి తెచ్చే పెద్ద గొట్టం అతుకు విచ్చుకుంది. చీలిక ఒక మనిషి పొడవుంది, లోపలికి గోరు కూడా దూరదు. గాలి మాత్రం దూరుతోంది. బయట అంగారక గ్రహమంతా ఖాళీగా ఉంది కదా, మన గాలికి అటు వెళ్ళాలనిపించడం సహజం. నష్టం చూపే ముల్లు మామూలుగా రెండు దగ్గర ఉంటుంది, తలుపుల సందుల్లోంచి పోయేది అంత. ఇవాళ పదకొండు. నలభై దాటితే సందు మూసేయాలని నియమం.

జకీర్ అన్న కొత్త పెట్టెలోంచి నాలుగు రేకులు ప్రయత్నించాడు. ఒకటి మూలలో కొంచెం ఎర్రబడి, ఆవలించి, ఆగిపోయింది. మిగతా మూడూ ఆవలించనూ లేదు.

ఏడో సందులో ముప్పై ఎనిమిది మందిమి ఉంటాం. "మందిమి" ఎందుకంటే నేనూ అక్కడే, మా సుభాషిణి అత్తతో. అమ్మానాన్నలు ధ్రువం దగ్గర మంచు తవ్వకాల్లో ఉన్నారు. అత్త మా నాన్న అక్క. ఈ గ్రహం మీద నన్ను తిట్టే హక్కు పూర్తిగా ఆవిడదే.

"మీ గిడ్డంగిలో పనికొచ్చే వస్తువు ఒక్కటైనా ఉందే?" అంది అన్నం వడ్డిస్తూ.

"నేనున్నాను కదత్తా."

"అదే అడుగుతున్నా."

రోజు 15,209

మన రోజు భూమి రోజు కన్నా దాదాపు నలభై నిమిషాలు ఎక్కువ. ఆ నలభై నిమిషాల్ని ఏం చేయాలో తెలియక పూర్వీకులు సమావేశాలు కనిపెట్టారు.

నేటి సమావేశంలో దమయంతి గారు రెండు విషయాలు ప్రకటించారు. మొదటిది, "రేకుల అప్రజ్వలన నిజనిర్ధారణ ఉపసంఘం" ఏర్పడింది. అందులో దమయంతి గారు, జకీర్ అన్న, సత్యవ్రతం బాబాయ్, రాసుకోవడానికి నేను. రెండోది, ముల్లు నలభై దాటి సందు మూసేస్తే అందులోని గాలియంత్రం కూడా పోతుంది. ఉన్న గాలితో ఏడు నెలలు ఎలాగో సర్దుకోవచ్చు. ఆ తర్వాత సరుకుల ఓడ వస్తుంది కనుక, ముప్పై ఎనిమిది మందిని అదే ఓడలో భూమికి పంపుతారు. జాబితా గోడకు అంటించారు. నాది పదిహేడో పేరు.

పదిహేడో పేరు గల వ్యక్తి ఇక్కడే పుట్టింది. భూమి మీద నా బరువు రెండున్నర రెట్లవుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఈ తేలిక నేల మీద గెంతిన ఎముకలు అక్కడ నిలబడవట. డాక్టరుగారు చాలా ఆప్యాయంగా చెప్పారు. "బతకొచ్చమ్మా. పడుకుని."

నా బి.టెక్. కూడా భూమి నుంచే, దూరవిద్య. ఇరవై కోట్ల కిలోమీటర్లంటే దూరమే కదా. నన్ను చూడకుండానే డిగ్రీ ఇచ్చిన విశ్వవిద్యాలయానికి ఇప్పుడు స్వయంగా వెళ్ళి, పడుకుని, కృతజ్ఞతలు చెప్పుకునే అవకాశం.

"సందేహాలున్నాయా?" అన్నారు దమయంతి గారు.

మా అత్త చెయ్యెత్తింది. "నేను పోను."

"అది సందేహం కాదండీ, అభిప్రాయం."

"అయితే సందేహం అడుగుతా. నన్నెవరు మోసుకెళ్తారు?"

ఆ అంశం తదుపరి సమావేశానికి వాయిదా పడింది. ముల్లు పదిహేడు. నా పేరు పక్కనున్న అంకే. యాదృచ్ఛికం, అయినా నాకు నచ్చలేదు.

రోజు 15,211

డిగ్రీ ఎందుకు ఇచ్చారో ఇవాళ ఒకసారి పరీక్షించుకున్నాను.

పలకని రేకులోంచి గోరంత ముక్కలు కత్తిరించాను. ఒక ముక్కని చల్లటి పెనం మీద పెట్టి మెల్లగా వేడి పెంచాను. ఏమీ కాలేదు. ఇంకో ముక్కని బాగా కాలిన పెనం మీద ఒక్కసారిగా పడేశాను. చిన్నగా మూలిగి నల్లబడింది. రేకు చచ్చిందని తెలిసింది. అది ముందే తెలుసు. ఇప్పుడు శాస్త్రీయంగా తెలుసు.

జకీర్ అన్న పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"ఓడ దిగిన రోజు పెట్టె తెరిచి ఒక పట్టీ కోసి, సగం ముట్టించి చూసినాం గదా పాపా. తారాజువ్వ మాదిరి పోయె. ఆ మిగిలిన సగం నా దగ్గరే ఉంది."

"ఎక్కడ?"

కొలతల పుస్తకం తీశాడు. మధ్యలో రేకుపట్టీ. పదకొండు నెలలుగా పేజీ గుర్తుకు వాడుతున్నాడు. దాన్ని కూడా రెండు ముక్కలు చేశాను. ఒక ముక్కకి నిప్పురవ్వ తగిలించాను. తెల్లటి మెరుపు. నా కనుబొమలో కొంత భాగం విజ్ఞానశాస్త్రానికి అంకితమైంది. రెండో ముక్కని చల్లటి పెనం మీద పెట్టి, మొదట చేసినట్టే, మెల్లగా, చాలా మెల్లగా కాచాను. మెరవలేదు. చల్లారాక తీసి నిప్పురవ్వ పెట్టాను. పలకలేదు.

అంటే బతికున్న రేకుని నా చేత్తో నేనే చంపాను, పది నిమిషాల్లో, చప్పుడు లేకుండా.

విషయం ఇదీ. గబుక్కున వేడి చేస్తే, పుట్టిన వేడి చెదిరేలోపే పక్క పొరలకి అంటుకుని మంట పరిగెడుతుంది. మెల్లగా వేడి చేస్తే రెండు లోహాలూ హద్దుల దగ్గర కొంచెం కొంచెంగా కలిసిపోతుంటాయి. పుట్టిన కాస్త వేడీ ఎప్పటికప్పుడు చల్లారిపోతుంది. తీరా నిప్పురవ్వ వచ్చేసరికి కలవడానికి ఏమీ మిగలదు. నిశ్చితార్థాన్ని పదకొండు నెలలు సాగదీస్తే పెళ్ళినాటికి మాట్లాడుకోవడానికి ఏముంటుంది?

"అయితే ఎవరో వీటిని మెల్లగా కాచినారు," అన్నాడు జకీర్ అన్న.

"గిడ్డంగిలో ఎవరు కాస్తారన్నా? అక్కడ వేడే లేదు. నేను స్వెటర్ వేసుకుని సంతకాలు పెడతాను."

ఆ మాట అన్నాక ఎందుకో రిజిస్టరు చదవాలనిపించింది. ఉద్యోగంలో చేరాక ఇదే మొదటిసారి.

చక్కటి దస్తూరీ. ప్రతి పక్షానికీ ఒక వరుస. "కొత్త రేకులకు ఎండ చూపబడినది." పక్కన సంతకం. మళ్ళీ పక్షానికి, "ఎండ చూపబడినది." సంతకం. మొత్తం ఇరవై రెండు వరుసలు. ఇరవై రెండు సంతకాలూ చాలా అందంగా ఉన్నాయి. అన్నీ నావే.

ముల్లు ఇరవై మూడు.

రోజు 15,212

గింజలు ఆరబెట్టే దీపాల అర గిడ్డంగి వెనకే ఉంది. టమాటా గింజలకి తప్ప దానితో పనేంటని ఇన్నాళ్ళూ అటు తొంగి చూడలేదు. "ఎండ ఎలా చూపిస్తావో చూపించు బాబాయ్" అంటే సత్యవ్రతం బాబాయ్ ముఖం వెలిగిపోయింది. నలభై రెండేళ్ళుగా ఎవరూ అడగలేదట.

ఉతికిన తెల్లచీర ఒకటి పరిచాడు. దాని మీద ఒక్కో రేకూ, ఒకదానికొకటి తగలకుండా. దీపాలు పూర్తిగా పెంచాడు.

"ఇదిగో, అరగంట ఈ వైపు. తర్వాత తిరగెయ్యాలి. అప్పడాలు చూళ్ళేదూ? ఓ వైపే ఆరితే వంకర తిరుగుతాయి."

"వేడి ఎంతుంటుంది?"

"చెయ్యి పెట్టలేం. నిజంగా అప్పడం పెడితే కాలిపోద్ది." గర్వంగా చెప్పాడు. కొలిస్తే నూట యాభై డిగ్రీలు చూపించింది.

"ఎందుకిదంతా?"

"ఎందుకేంటమ్మాయ్. తేమ పట్టకుండా. పట్టుచీరలకి ఎండ చూపించరూ? కందిపప్పుకి చూపించరూ? మొదటి ఓడలో నేను దిగినప్పుడు ఇక్కడి గోడలన్నీ చెమటలే. సగం సామాను తుప్పుపట్టింది. అప్పట్నుంచీ నా గిడ్డంగిలో ఎండ చూడని వస్తువు లేదు. పాత రేకులకీ ఇలాగే చేశాను. ఒక్కటంటే ఒక్కటి పాడైందా?"

పాడవలేదు. ఎందుకు పాడవలేదో నిన్న రాత్రంతా తిరగేసిన పుస్తకాల వల్ల అర్థమైంది. పాత రేకుల పొరలు పదింతలు మందం. అవి మొద్దు రకం. వాటిని ముట్టించడానికి జకీర్ అన్న చాలా తిట్లు వాడేవాడు. ఎండలో పెడితే హద్దుల దగ్గర ఏ కాస్తో కలిసేవి, లోపలంతా అలాగే ఉండేది. కొత్తవి "మెరుగుపరచిన రకం". పొర పలచన, చిన్న రవ్వకే అంటుకుంటాయి. పలచనివి కాబట్టే ఆ కాస్త కలవడంతోనే మొత్తం అయిపోతాయి. ఇట్టే కోపం వచ్చేవాళ్ళు ఇట్టే చల్లారతారని చెప్పడానికి ఇంత శాస్త్రం అక్కర్లేదు గానీ, రేకుల విషయంలో అక్కరకొచ్చింది.

ఇదంతా బాబాయ్‌కి చెప్పాను. మధ్యలో ఒక్క జోకు కూడా వెయ్యలేదు. భావితరాలు గమనించగలరు.

ఆయన దీపాలు ఆర్పేశాడు. ఒక్కో రేకూ తీసి, తుడిచి, పెట్టెలో పెట్టాడు. చచ్చినవాటిని తుడవడం ఎందుకని అడగబుద్ధి కాలేదు.

"ఏడో సందు జాబితాలో నువ్వున్నావు కదమ్మాయ్?" అన్నాడు చివరికి.

"పదిహేడు."

"ఊఁ," అన్నాడు. చీర మడత పెట్టాడు. నాలుగు మడతలూ సమానంగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ పెట్టాడు.

ముల్లు ఇరవై ఆరు.

రోజు 15,213

నిజనిర్ధారణ ఉపసంఘం గిడ్డంగిలోనే సమావేశమైంది. నిజం తెలిసిపోయింది కనుక నిర్ధారణ మాత్రమే మిగిలింది.

"బాధ్యులెవరు?" అన్నారు దమయంతి గారు.

నేను రిజిస్టరు తెరిచి తోశాను. "ఇరవై రెండు సంతకాలూ నావేనండి. చదవకుండా పెట్టాను."

"అమ్మాయికేం తెలీదండీ," అన్నాడు సత్యవ్రతం బాబాయ్, లేచి నిలబడి. "ఎండబెట్టింది నేను. రాసింది నేను. తను సంతకం పెట్టేది నా మీద నమ్మకంతో."

"నమ్మకంతో కాదు బాబాయ్, బద్ధకంతో," అన్నాను. రికార్డు సరిగా ఉండాలి.

దమయంతి గారు రిజిస్టరు తిప్పుతూ ఒక పేజీ దగ్గర ఆగారు. అక్కడ ఎర్రసిరాతో ఒక వ్యాఖ్య ఉంది. "క్రమం తప్పని సంరక్షణ. ఇతర విభాగాలకు ఆదర్శం." కింద సంతకం ఆవిడదే. ఆ సంవత్సరం గిడ్డంగికి బహుమతి కూడా ఇచ్చారు, గోడగడియారం. ఆవిడ పేజీ తిప్పేశారు. తర్వాత బాధ్యుల ప్రస్తావన ఆశ్చర్యకరంగా తగ్గింది.

"తప్పెవరిదో మళ్ళా తీరిగ్గా తేల్చుకుందురు లెండి," అన్నాడు జకీర్ అన్న. "గొట్టానికి ఎనిమిది రేకులు కావాల. బతికినవి. యాడనుంచి తెచ్చేది చెప్పండి."

బహుమతి గడియారం మాట్లాడింది కాసేపు.

"వంకరవి ఉన్నాయి," అన్నాడు సత్యవ్రతం బాబాయ్, నేలకేసి చూస్తూ.

"ఏంటండీ?"

"ఓడలోంచి దించేటప్పుడు పెట్టె ఒక మూల నలిగింది. తొమ్మిది రేకులు ముడతలు పడ్డాయి. ముడతలవి ఎండలో పెడితే ఇంకా వంకర పోతాయని పక్కన పడేశాను. వాటికి ఎండ చూపించలేదు." గొంతు తగ్గించాడు. "తీసేసిన సామాన్ల డబ్బాలో ఉన్నాయి. పదకొండు నెల్లుగా సిగ్గుగా ఉంది, చెప్పుకోలేదు."

తన వృత్తిజీవితంలో ఆయన అశ్రద్ధ చేసిన వస్తువులు ఆ తొమ్మిదేనట. ఊళ్ళో ప్రాణమున్న రేకులు కూడా ఆ తొమ్మిదే.

ముల్లు ముప్పై. ఏడో సందు వాళ్ళని నడి హాల్లోకి తరలించారు. మా అత్తని ఎవరూ మోయలేదు. తన బియ్యం డబ్బా తను ఎత్తుకుని నడిచింది.

రోజు 15,215

ముడతల రేకు గొట్టం మీద బల్లపరుపుగా కూర్చోదు. కూర్చోని చోట టంకం అంటదు, అంటని చోట గాలి ఆగదు. ముడతలు తీయాలి. చపాతీకర్రతో ఒత్తేద్దామని నేను ప్రతిపాదించాను. ఒరిపిడి తగిలినా అంటుకుంటుందని జకీర్ అన్న గుర్తుచేశాడు. డిగ్రీ ఎవరికి ఇవ్వాలో విశ్వవిద్యాలయం పునఃపరిశీలించుకోవాలి.

"నాకివ్వండి," అన్నాడు సత్యవ్రతం బాబాయ్.

నున్నటి బల్ల మీద రేకు పెట్టి, పైన మెత్తటి గుడ్డ వేసి, అరచేతి మొదలుతో ఒత్తాడు. రుద్దడు, లాగడు. ఒత్తి, ఆగి, ఎత్తి, పక్కకి జరిపి, మళ్ళీ ఒత్తుతాడు. ఒక్కో రేకుకి గంట పట్టింది. తర్వాత దాని మీద ఇసుకమూట. అయిదు రేకులు అలా లొంగాయి. ఇక నేను సాయం చేస్తానంటే నా చేతుల కేసి చూసి నవ్వాడు, "నువ్వు సంతకాలు పెట్టుకో" అని.

ఆరో రేకు ముడత బాగా పదునుగా ఉంది. ఒత్తాడు. గుడ్డ కింద టప్పున వెలుగు. గుడ్డకి కన్నం, బల్ల మీద నల్లటి గీత, గదంతా కాలిన వాసన. ఆయన అరచేతిలో బొటనవేలి మొదట చర్మం తెల్లగా ఊడొచ్చింది.

నేను నీళ్ళకి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి చెయ్యి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళల్లో నీళ్ళు. నవ్వుతున్నాడు.

"పలికిందమ్మాయ్," అన్నాడు. "బతికే ఉన్నాయి."

కట్టు కట్టాక మిగతా మూడూ ఎడమచేత్తో ఒత్తాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు ఎనిమిది ఉన్నాయి. కావలసినవి ఎనిమిది. గణితశాస్త్రం మన పట్ల ఇంత నిష్కర్షగా ఉండాల్సిన అవసరమేమిటో నాకు తెలియదు.

ముల్లు ముప్పై ఆరు.

రోజు 15,216

ముల్లు ఉదయానికి ముప్పై ఎనిమిది.

గొట్టం పక్క సొరంగంలో ముగ్గురు పడతారు, పాకుతూ. జకీర్ అన్న, నేను, సత్యవ్రతం బాబాయ్. కాలిన చెయ్యితో ఎందుకని దమయంతి గారు ఆపబోయారు.

"ఏ రేకుకి ఏ మూల ముడతుండేదో నాకే తెలుసండీ. అక్కడ గట్టిగా నొక్కాలి," అన్నాడు. ఆవిడ నియమావళి చూడకుండా తప్పుకున్నారు. ఆవిడ అలా చేయడం నాకు తెలిసి ఇదే మొదటిసారి.

గాలిముసుగులు తగిలించుకుని పాకాం. చీలిక మీద లోహపు పలక. పలకకీ గొట్టానికీ మధ్య ఎనిమిది రేకులు, ఒకదాని చివర మీద ఇంకోటి ఎక్కేలా. పలకని నొక్కిపట్టడానికి నాలుగు జాకీలు. ముడతలున్న చోట్ల బాబాయ్ భుజం. నా పని ముల్లు చదవడం.

"ఎంత?"

"ముప్పై ఎనిమిది."

"ఒకే తూరి," అన్నాడు జకీర్ అన్న. "మధ్యలో యాడైనా ఆగిపోతే అంతే. చల్లబడినాక మళ్ళా ముట్టించేదానికి ఉండదు. సత్యవ్రతం గారూ, మీరు బాగా ఆనుకోండి."

"నేను ఆనే ఉన్నాను మేస్త్రీ. నీ చెయ్యి వణకనీకు."

"పన్నెండు రోజులాయె ఈ మాట అనబట్టి."

"వణికిందని ఊరికే అన్నాను. నీది మంచి చెయ్యి."

జకీర్ అన్న నాలుగు జాకీలూ ఇంకోసారి తడిమి చూశాడు. నేనేదైనా చమత్కారం చెయ్యాల్సిన సందర్భం. బదులుగా మళ్ళీ ముల్లు చదివాను. నడి హాల్లో ముప్పై ఏడు మంది మూటల మీద కూర్చున్నారు. నాకు భూమి మీద ఒక పడక కనబడింది, దాని పక్కన కిటికీ, కిటికీలో చాలా నీలంగా ఆకాశం. అక్కడ అందరూ దాన్ని మెచ్చుకుంటారట. నాకు వద్దు.

"ముప్పై తొమ్మిది," అన్నాను.

నిప్పురవ్వ.

పలక అంచు కింద తెల్లటి దారం ఒకటి వెలిగి పరిగెత్తింది. అయిదో రేకు దగ్గర తడబడినట్టయింది. బాబాయ్ భుజంతో ఒక్క తోపు తోశాడు. దారం ఆరులోకి దూకింది, ఏడు, ఎనిమిది. అయిపోయింది. ఇదంతా రాయడానికి పట్టిన సేపట్లో పదో వంతు కూడా పట్టలేదు.

"ఎంత?"

"ముప్పై తొమ్మిది."

ఎవరూ కదల్లేదు.

"ఎంత పాపా?"

"ముప్పై తొమ్మిది. ముప్పై ఒకటి." ముల్లు మీద చెమటచుక్క పడితే తుడిచాను. "పంతొమ్మిది. తొమ్మిది. నాలుగు."

రెండు దగ్గర ఆగింది. అర నిమిషం చూశాను, ఒక నిమిషం చూశాను. రెండు.

సత్యవ్రతం బాబాయ్ భుజం తీయలేదు. అతుకు పడిందని, ఇక తీయొచ్చని జకీర్ అన్న మూడుసార్లు చెప్పాల్సొచ్చింది.

రోజు 15,219

జాబితా గోడ మీంచి తీసేశారు. జిగురు మరకలు ఉండిపోయాయి. మా అత్త బియ్యం డబ్బా ఇంటికొచ్చింది. ఇంకో ఇరవై ఏళ్ళు నన్ను తిట్టడానికి ఏర్పాట్లు పూర్తయ్యాయి.

ఉపసంఘం తుది సమావేశంలో దమయంతి గారు అభినందన తీర్మానం చదవబోతుంటే, సత్యవ్రతం బాబాయ్ అడ్డొచ్చాడు.

"రేకులు ఎన్ని మిగిలాయో రాసుకోండమ్మా ముందు."

"యాభై అయిదు కదండీ పెట్టెలో?"

"అవి పోయాయి. బతికినవి ఎన్నో రాసుకోండి."

నేనే చెప్పాను. "సున్నా."

ఓడ రావడానికి ఇంకా ఏడు నెలలు. ఈలోగా ఊళ్ళో ఏ గొట్టం విచ్చుకున్నా అతకడానికి ఏమీ లేదు. గదిలో ఉన్న ఉత్సాహం గబుక్కున వేడెక్కి గబుక్కున చల్లారింది.

"అసలు అతుకులు ఎందుకు విచ్చుకుంటాయి?" అన్నారు దమయంతి గారు, మొదటిసారి నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"అదురుకి," అన్నాడు జకీర్ అన్న. "ఏడో సందు ఇనుప తలుపు దినానికి నూరుసార్లు దబీమని వేస్తారు. గొట్టానికి ప్రతిసారీ దెబ్బే. మెట్ల మీద దుమికేది, డబ్బాలు దొర్లించేది, అన్నీ దెబ్బలే."

"అయితే ఏం చెయ్యాలి?"

"ఏముంది మేడమ్. మెల్లగా నడవాల."

దీని మీద ఉపసంఘం వెయ్యలేదు. తీర్మానం చెయ్యలేదు. దమయంతి గారు చదవబోయిన అభినందన కాగితం మడిచి పక్కన పెట్టారు. తర్వాత వంగి, మడమకి ఇనుప నాడాలున్న ఆవిడ అధికారిక బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, మేజోళ్ళతో బయటికి నడిచారు. తలుపు దగ్గర ఆగి, దాన్ని రెండు చేతులా పట్టుకుని, నిద్రపోయే పిల్ల మీద దుప్పటి కప్పినంత నిదానంగా వేశారు.

సాయంత్రానికి ఊరంతా అలాగే ఉంది. నాలుగు వందల పన్నెండు మంది, బూట్లు చేతుల్లో. రెండో సందు మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుంటూ ఎదురొచ్చారు, గుసగుసగా. ఆమె విసిరికొట్టడానికి పళ్ళెం ఎత్తి, ఒక్క క్షణం ఆలోచించి, వంగి నేల మీద పెట్టి, అక్కడినుంచి తిట్టడం కొనసాగించింది. క్యాంటీన్‌లో గొట్టానికి గుడ్డ ఇంకా అలాగే ఉంది. ఇంకో ఏడు నెలలు ఉంటుంది. టీ బాగుందని అందరూ అన్నారు.

ఇంటికెళ్ళేసరికి అన్నం పెట్టి ఉంది.

"ఇంత ఆలస్యమా," అంది అత్త. ఆ మాట కోసం ఆవిడ సాయంత్రమంతా గొంతు కూడగట్టుకుందని ముఖం చూస్తే తెలుస్తోంది. తీరా అన్నది ఇరుగింటికి కూడా వినబడలేదు. మంచినీళ్ళ గ్లాసు తెచ్చి, నా కంచం పక్కన, రెండు చేతులా పట్టుకుని, చప్పుడు కాకుండా దించింది.